పికప్ బండికి కాళ్లు కడిగిన రోజులు

రాండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. దూరం కూసుంటే నా గొంతు అందదు, గట్టిగ చెప్తే ముచ్చటల రుచి పోతది. ఈ కాయితం చదివెటోళ్లు కూడ నా చాప మీదనే కూసున్నరనుకుంట. ఇయ్యాల బండి బ్రేకుల సంగతి చెప్త. తాళంచెవి ఎటు తిప్పాల్నో తెల్వని ఆడిదానికి బ్రేకులతోని ఏం పని అని మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. నేను బడికి పోయింది రెండో తరగతి దాకనే. కని చేతికొచ్చిన వస్తువు ఏదైనా సరే, అది ఎందుకట్ల ఉన్నది, ఎట్ల పనిజేస్తది అని తెల్సేదాంక నాకు కడుపు నిండదు. కుట్టుమిషన్ ఇప్పి సూసిన, మల్ల బిగిచ్చిన. మిక్సీ ఇప్పి సూసిన, మల్ల బిగియ్యరాలే. అది వేరే కథ.

మాది ఇబ్రహీంపట్నం. నేను చెప్పేది రింగు రోడ్డు కొత్తగ పడ్డ రోజుల ముచ్చట. అప్పటిదాక జొన్నలు పండిన భూములల్ల ఒక్క ఎండకాలంలనే హద్దురాళ్లు మొలిచినయి. రంగురంగుల జెండాలు పాతిన్రు. బొంగులూరు దిక్కు పోతే ఏ చెలక ఏ వెంచరైందో గుర్తుపట్టరాకపోతుండె. మాకు ఒక పికప్ బండి ఉండె. ముందుగాల మా ఆయన దాంట్ల గడ్డి, కూరగాయలు, పెండ్లిళ్లకు కుర్చీలు ఏసుకపోతుండె. ఇండ్లు లేసుడు మొదలైనంక అద్దాలు మోసుడు మొదలువెట్టిండు.

తుక్కుగూడ కాడ ఒక అద్దాల షాపు ఉండె. షాపాయన కోస్తా దిక్కు నుంచి వచ్చి ఈడ స్థిరపడ్డ మనిషి. మాట మెత్తగ ఉంటది, పని కాడ మాత్రం గట్టిగుంటడు. ఆయన కోసిచ్చిన అద్దాలను రింగు రోడ్డు ఎక్కిచ్చి, బొంగులూరు కాడ దించి, కొత్త ఇండ్లకు చేర్చుడు మా ఆయన పని. దానికోసం బండి వెనక కట్టె చట్రం ఒకటి చేపిచ్చిండు, గుడిసె కప్పు లెక్క రెండు దిక్కుల వాలుగ. అద్దాలు దాని మీద ఒరిగి నిలబడతయి. నడుమ నడుమ నా పాత బొంతలు. అద్దాన్ని పడుకోబెడితే పగులుతదట, నిలబెడితేనే బతుకుతదట. ఎందుకట్ల అని అడిగిన. గట్లనే ఉంటది అన్నడు. నేను ఏది అడిగినా ఆయన దగ్గర గదొక్కటే జవాబు.

ఒకనాడు ఆ బండిల నేను కూడ ఎక్కి వస్తున్న. వాలు కాడ ఆయన బ్రేకు తొక్కంగనే స్టీరింగు ఆయన చేతులల్ల గజగజ వణికింది. నా కాళ్ల కింద రేకు వణికింది. వెనక అద్దాలు, చలిజ్వరం వచ్చినోని పండ్ల లెక్క, టకటక కొట్టుకున్నయి. నేను ఆయన మొకం దిక్కు సూసిన. ఆయన రోడ్డు దిక్కే సూసిండు. ఎన్నాళ్ల సంది ఇట్ల అని అడిగితే, నెల రోజుల సంది అన్నడు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. పికప్ బండికి ముందటి రెండు చక్రాల లోపట ఒక్కొక్క ఇనుప పళ్లెం ఉంటది. దాన్ని డిస్కు అంటరు. అది చక్రంతోని తిరుగుతది. దానికి ఇటొకటి అటొకటి ప్యాడ్లు ఉంటయి, అరచెయ్యంత. బ్రేకు తొక్కితే ఆ రెండు ప్యాడ్లు పళ్లాన్ని పట్టుకొని పిసుకుతయి, బండి ఆగుతది. అంతే సంగతి. మా ఆయన నాలుగు నెలల కిందనే పట్నంల డిస్కులు, ప్యాడ్లు అన్నీ కొత్తయి ఏపిచ్చిండు. అంతకు ముందటియి కూడ ఏడాది నిండకముందే ఇట్లనే వణికినయి. దుకాణపోడు నకిలీ మాలు అంటగట్టిండని ఈయన తిట్టుకుంట తిరుగుతుండె.

గా వారంలనే ఒక తలుపు అద్దం మూలకు పగిలింది. షాపాయన మీద పడి కొట్లాడలే, అరవలే. మా ఆయన్ను కూసోబెట్టి చాయ తాపిచ్చి చెప్పిండు. అప్పుడు నేను ఆడనే ఉన్న, బండిల నుంచి బొంతలు దించుతున్న. నన్ను సూసి ఒక మాట అన్నడు.

“మీవారు మంచివారేనమ్మా. కానీ అద్దానికి మంచితనం తెలియదు కదండీ.”

ఆ మాట నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది. అప్పుడే ఇంకో సంగతి కూడ చెప్పిండు. బొంగులూరు కాడ ఒక పెద్ద ఇంటికి మెట్ల పక్కన నిలబెట్టే అద్దం ఒకటి వస్తున్నది, ఇద్దరు మనుషుల ఎత్తు, ఒక్కటే ముక్క. దూరం నుంచి చేపిచ్చి తెప్పిస్తున్నరు. వచ్చే శుక్రవారం అది సక్కగ చేరితే ఆ వెంచరు మొత్తం పని మా బండికే. చేరకపోతే ఇంకో బండి సూసుకుంటడు.

ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నడు మా ఆయన. చెయ్యి అన్నంలనే ఉన్నది, నోటికి పోతలేదు. ఇగ ఈసారి కూడ వణికితే బండి అమ్మేస్త, ఎవని కారో నడుపుకుంట జీతానికి బతుకుత అన్నడు. ఆ మాట నాకు ఎంత బరువుగ తాకిందో మీకెట్ల చెప్పాలె. పెండ్లయిన కొత్తల ఈయన ఒక సేటు కాడ కారు నడిపిండు. పొద్దుగూకినంక ఇంటికి వచ్చి ఎవరితోని మాట్లాడకపోతుండె. సొంత బండి కొన్ననాడు మొదటిసారి ఈల ఏసుకుంట ఇంట్లకొచ్చిండు. బండి పోతే ఆ ఈల కూడ పోతది. నాకు గదే ఫికర్.

తెల్లారి బ్రేకుల దుకాణానికి పోదాం రా అని నన్ను పిల్సిండు. ఎన్నడు పిలువనోడు పిలిచిండని నేను నోరు తెర్సిన. సంతల కుండలు ఏళ్లతోని కొట్టి కొట్టి ఏరుతవు గదా, ఇయ్యాల ఇనుము కొట్టి సూద్దువు రా అన్నడు. ఎక్కిరిచ్చినట్టు అన్నడు గని, లోపట భయపడ్డడు. మూడోసారి మోసపోతె సాక్ష్యానికి ఒకరుండాలె గదా.

ఈసారి పట్నం పోలే. మన ఊర్ల పాత రోడ్డు మీద ఒక ముసలాయన రేకుల షెడ్డుల బ్రేకుల పని చేస్తడు. ఈ దిక్కు ఊర్లల్ల తాతల కాలం సంది ఉన్న ముసల్మాన్ల ఇంటి మనిషి. ఊరంత చాచా అంటది, మేము కూడ చాచా అంటము. షెడ్డుల ఒక ఇనుప సువ్వకు డిస్కులు వరుసగ తగిలేసి ఉన్నయి, చెవి కమ్మల లెక్క. నాకు సంబురమనిపిచ్చింది. బంగారం దుకాణంల కూడ నేను గంత నిమ్మలంగ నిలబడలే.

చాచా మూడు రకాల డిస్కులు దించి బల్ల మీద పెట్టిండు. మూడూ మీ బండి కొలతవే, ఏది కావాల్నో సూసుకోండ్రి అన్నడు. ఒకటి తళతళ మెరుస్తున్నది, దాని ఒంటినిండ జల్లెడ లెక్క తూట్లు. మా ఆయన చెయ్యి సీదా దాని మీదికే పోయింది. చాచా నవ్విండు. అది పోరగాళ్ల షోకు, బరువు మోసే బండికి వద్దు, ఆ తూట్ల కాడనే పగుళ్లు మొదలైతయి అన్నడు. రెండోది రంగేసి నున్నగున్నది, తేలికగ ఉన్నది. మూడోది నూనె జిడ్డు పట్టి నల్లగ, చూడబుద్ది కాదు. ఎత్తితే నా మణికట్టు కిందికి వంగింది.

నేను ఒక్కోదాన్ని ఏలికి తగిలేసుకొని, ఇంకో చేతి కణుపుతోని కొట్టిన. మూడోది ఖణేల్ మన్నది. ఆ సప్పుడు శానసేపు గాలిల నిలబడ్డది. రెండోది కూడ మోగింది గని, జల్ది సల్లారిపోయింది. పగులు ఉన్న డిస్కైతే ఇంకా మొద్దుగ పలుకుతదట, పగిలిన కుండ లెక్కనే. చాచా నన్ను సూసి, ఈ కొట్టుడు నీకెవరు నేర్పిన్రు బేటీ అన్నడు. కుమ్మరోళ్లు అన్న.

ఇంకో వింత సూసిన. డిస్కు పక్క నుంచి సూస్తే అది ఒక్క పళ్లెం గాదు. రెండు పళ్లాలు, నడుమ గాలి పోయే సందులు. ఆ సందులల్ల ఏలు పెట్టి సూసిన. నల్లదాంట్ల పైపళ్లెం కిందిపళ్లెం మందం సరిసమానం. రంగుదాంట్ల ఒకటి మందం, ఒకటి పల్చగ. ఇదేంది, చపాతి చెయ్యరాని పిల్ల చేసినట్టున్నది అన్న. చాచా బల్ల మీద చెయ్యి కొట్టిండు. గదే బేటీ, గదే సూడాలె, పోతపోసినప్పుడు నడుమ అచ్చు జరిగితే గిట్లయితది, వేడెక్కితే పల్చటి దిక్కు ముందుగాల వంగుతది అని చెప్పిండు. మా ఆయన ఆ సందుల దిక్కు మొదటిసారి సూసినట్టు సూసిండు. పన్నెండేండ్ల సంది బండి నడుపుతున్నడు.

ప్యాడ్ల కాడికి వచ్చినం. ఒక రకం గట్టియి, నల్లటి ముద్దల ఇనుప రజను మెరుస్తున్నది. ఒక రకం మెత్తటియి, గోరు గుచ్చితే గీత పడుతది. ఏది మంచిది అని అడిగితే చాచా సక్కగ జవాబియ్యలే, నువ్వు ఏం మోస్తవు, ఏ తొవ్వల పోతవు అని మా ఆయన్నే అడిగిండు. గట్టి ప్యాడు డిస్కును తింటదట. మెత్తటి ప్యాడు తననే తినుకుంటదట. ఇద్దరిట్ల ఒకరు అరగాల్సిందే, అగ్గువకు దొరికెటోడు అరిగితే సంసారం నిలబడ్తది అన్నడు చాచా. మా ఇంట్ల ప్యాడు నేనే అన్నడు మా ఆయన. అరుగుతున్నట్టు ఎక్కడ కనవడ్తలేదు, పొట్ట సూడు అన్న నేను. ముగ్గురం నవ్వినం. అద్దాలు మోసెటోనికి నడిమి రకం మంచిదని, గట్టిదాని కన్న జర మెత్త, మెత్తదాని కన్న జర గట్టి ఉన్న ప్యాడ్లు తీసి పక్కకు పెట్టిండు.

గంతల మా ఆయన నల్ల డిస్కులు రెండు, ప్యాడ్లు కలిపి కట్టియ్యి చాచా, శుక్రవారం పెద్ద లోడున్నది అన్నడు. చాచా కట్టియ్యలే. పాతయి ఇప్పి సూస్త అన్నడు. పాతయి ఎట్లనో పారేసేటియే గదా అని ఈయన అంటె, ముసలాయన మొకం మారింది.

“సచ్చినదానికి ఏం రోగమొచ్చిందో తెల్వకుండ నేను కొత్తదాన్ని పంప బేటా.”

చక్రాలు ఇప్పిండు. డిస్కు ఒకదాన్ని తీసి నిలువు సువ్వకు తగిలేసి, పక్కన ఒక మొల తాకీ తాకనట్టు నిలబెట్టిండు. మెల్లగ తిప్పిండు. ఒక దిక్కు వచ్చినప్పుడు కిర్రుమంటది, ఇంకో దిక్కు వచ్చినప్పుడు సప్పుడే లేదు. నేను మోకాళ్ల మీద కూసొని సూసిన. కంటికి సాపుగున్నది, మొలకు మాత్రం వంకర తెలుస్తున్నది. డిస్కు మొకం మీద అక్కడక్కడ నీలం మచ్చలు, అంచుకు వెంట్రుకంత పగులు గీతలు. లేత్ మిషన్ మీద సాపుగ తరిగిద్దామా అని మా ఆయన అడిగితే, గీతలు పడ్డంక తరిగితే పాపం అన్నడు చాచా. కని మాలు మంచిదే, నకిలీ గాదు అన్నడు. మరి ఎందుకు వంగింది?

అప్పుడు మొదలువెట్టిండు అడుగుడు, దవాఖానల డాక్టరు అడిగినట్టు. ఏడ లోడెక్కుతది, ఏ వాలు దిగుతది, ఎన్ని గంటలకు ఇంటికొస్తది. వాగుల దింపుతరా. వచ్చినంక ఏం చేస్తరు, ఎవరు కడుగుతరు. ఇదీ నేను చెప్పగల్గిన సంగతి గదా అని గర్వంగ చెప్పిన. మా అత్త రోజూ కాళ్లు కడుగుతది చాచా, బండి ఒక్కనాడు కూడ ఎండు కాళ్లతోని ఇంట్లకు రాదు అన్న.

మీకు కూడ చెప్పాలె ఇది. మా అత్త కాపుదనం ఇంట్ల పుట్టింది, ఎడ్ల నడుమ పెరిగింది. చేన్ల నుంచి ఎద్దు ఇంటికొస్తే ముందుగాల దాని కాళ్ల మీద నీళ్లు పోసినంకనే మనుషులు తాగాలె. గది వాళ్ల ఇంటి పద్ధతి. ఎడ్లు పోయి పికప్ వచ్చినా ఆమె పద్ధతి మార్చలే. బండి వాకిట్ల ఆగంగనే బక్కెట్ల చెంబు ముంచి ముందటి చక్రాల మీద పోస్తది, చక్రం తూట్లల్లకెళ్లి లోపటిదాక. సుయ్యిమని ఆవిర్లు లేస్తయి. సూసినవా, ఎంత అలసిపోయొచ్చిందో నా బిడ్డ అంటది బండిని. మోకాళ్లు నొచ్చి ఆమె లేవలేని రోజు నేను పోసిన. నాకూ ఆ ఆవిర్లు సూస్తే మంచిగనిపిస్తుండె, బండికి ఆయాసం తీరిందని.

నేను చెప్పుడు అయిపోయింది. చాచా చేతిల డిస్కును బల్ల మీద పెట్టి, తువ్వాలతోని మొకం తుడ్సుకున్నడు. మా ఆయన నా దిక్కు, డిస్కు దిక్కు సూసిండు. వాలు దిగి వచ్చిన డిస్కు పెనం కన్న ఎక్కువ కాలుతదట. ఇంట్ల పెనం మీద సల్లనీళ్లు గుమ్మరిస్తే అది ఎట్ల వంకరపోతదో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు, ఒక పెనం నేనే వంచిన. అంత తెల్సి కూడ చక్రంల పెనం ఉన్నదని నాకు తోచలే. చక్రం లోపట ఏమున్నదో ఎన్నడన్న అడిగిన్నా? మిక్సీ ఇప్పిన గని, చక్రం ఇప్పలే.

మరి ముందుగాల ఎన్నో ఏండ్లు పోసింది గదా, అప్పుడెందుకు కాలే అని అడిగిన, పట్టువదలక. గడ్డిమోపులు మోసినప్పుడు బండి నెమ్మదిగొచ్చేది, డిస్కు అంత కాలకపోయేది అన్నడు చాచా. ఇప్పుడు అద్దాల బరువు, రింగు రోడ్డు జోరు, దిగుడు వాలు. నీళ్లు అవే, వేడి పెరిగింది.

మా ఆయన లేచి నిలబడ్డడు. సరే తెల్సింది, డిస్కులియ్యి, మా అమ్మకు మాత్రం చెప్పొద్దు అన్నడు. కొడుకు బండిని పాడుచేసింది నువ్వే అని డెబ్బయేండ్ల మనిషికి ఎట్ల చెప్తం. నేను గూడ అదే అన్న. బండిని గల్లి బయట ఆపుదామా, సల్లారినంక తెద్దామా అని ఇద్దరం దొంగల లెక్క ఉపాయాలు చెప్పుకున్నం. చాచా ఇని ఇని, వంగిన డిస్కులే మల్ల బిగిచ్చిండు. తువ్వాల భుజం మీద ఏసుకొని బండెక్కి నా పక్కన కూసున్నడు. పాండ్రి, వాలు దిగుకుంట సుట్టు తిరిగి పోదాం, మీ ఇంట్ల చాయ తాగుత అన్నడు.

బండి వాకిట్ల ఆగింది. మా అత్త ఎప్పటి లెక్కనే బక్కెట్ పట్టుకొచ్చింది. చాచా ఆపుతడనుకున్న. ఆపలే. ఆమె నిమ్మలంగ కుడి చక్రం మీద పోసింది, ఆవిర్లు లేచినయి, ఎడమ చక్రం మీద పోసింది. ఆయన చేతులు కట్టుకొని, పూజ సూసినట్టు సూసిండు. అంత అయినంక అరుగు మీద కూసొని, అక్కా నీది ఏ ఊరు అని అడిగిండు. ఊరు పేరు చెప్తే ఆయన కండ్లు మెరిసినయి. ఆ ఊరి కొలిమి కాడ వాళ్ల నాయన పనిచేసిండట, కట్టె చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కిచ్చుడు ఆయన పని. మా అత్త వెంటనే గుర్తుపట్టింది. ఎర్ర తువ్వాల చుట్టుకునే సాయిబు కొడుకువా నువ్వు, నీ మొకం ఏడనో సూసినట్టున్నదనుకున్న తమ్మీ అన్నది. ఇద్దరు ఇగ ఆ కొలిమి కాడికి పోయి కూసున్నరు మాటలల్ల. మేము ఉన్నమన్న సోయే లేదు.

కొద్దిసేపటికి చాచా అడిగిండు, అక్కా, పట్టా ఎర్రగ కాలినంక చక్రం మీద పెట్టి మా నాయన ఏం చేస్తుండె, యాదికున్నదా అని. యాదికి లేకేంది అన్నది మా అత్త. కుండలతోని నీళ్లు గుమ్మరిస్తుండె, మేము పిల్లలం నీళ్లు మోస్తుంటిమి. నీళ్లు పడంగనే పట్టా గుంజుకొని కట్టెను కరిసిపట్టుకునేది, కట్టె కిర్రుకిర్రు మొత్తుకునేది అని చేతులు బిగిచ్చి సూపెట్టింది. ఆ బిగిచ్చిన చేతులు అట్లనే ఆగిపోయినయి. ఆమె బండి దిక్కు తిరిగింది. ఇంకా సన్నగ ఆవిరి వస్తున్నది.

“తమ్మీ, లోపట కాలిన ఇనుమున్నదా?”

“ఉన్నదక్కా.”

“రోజూ గుంజుకుంటున్నదా?”

చాచా తల ఊపిండు. మా అత్త చేతులు దించుకున్నది. అంటె నా కొడుకు చేతులు వణుకుతున్నది నా నీళ్లకా అన్నది. మా ఆయన అమ్మా గట్ల కాదు అని ఏదో అనబోయిండు. ఆమె చెయ్యెత్తి ఆపింది. ఎద్దుకు పోస్తే ఎద్దు బతికింది, ఇనుముకు పోస్తే ఇనుము సచ్చింది, ఏది ఎద్దో ఏది ఇనుమో నేనే తెల్సుకోలే అన్నది. చెంబు బోర్లిచ్చి లోపటికి పోయింది. చాచా చాయ తాగి, తెల్లారి బండి పంపు, డిస్కులు రెండు బిగిస్త అని చెప్పి నడుసుకుంటనే పోయిండు.

తెల్లారి నేను మల్ల వెంట పోయిన. ఒక దిక్కే చెడితే ఒకటి మారిస్తే సాలదా అని అడిగిన. రెండూ ఒక్కతీరుగ పట్టకపోతే బండి ఒక దిక్కు గుంజుతది, ఎప్పుడు మార్చినా జోడి మార్చాలె అన్నడు. కొత్త డిస్కుల నూనె అంత కడిగిండు, మొకం మీద ఏలిముద్ర కూడ పడనియ్యలే. బిగిచ్చినంక ఇగ పోయి లోడెక్కియ్యొచ్చా అంటె వద్దన్నడు. కొత్త ప్యాడు, కొత్త డిస్కు ఒకరికొకరు ఎరుక గావాలెనట. ఖాళీ బండి ఏసుకొని జర జోరు పోవాలె, నెమ్మదిగ బ్రేకు పట్టాలె, పూరా ఆపొద్దు, మల్ల జోరు పోవాలె. ఇరవై ముప్పై సార్లు అట్ల చేసి, సల్లారనియ్యాలె. ఖాళీ రోడ్డు మీద మేమిద్దరం ఆ పని చేసినం. కాలిన వాసన వస్తె నేను భయపడ్డ. గదే ఎరుక అయ్యే వాసన అని చాచా ముందే చెప్పిండు. ఎన్నోసారో నేను ఏళ్లు ముడుసుకుంట లెక్కవెట్టిన. చివర చివరకు బండి ఆగే తీరు మారింది. మొదట గీరినట్టు ఆగేది, పోంగ పోంగ చెయ్యి పట్టుకొని ఆపినట్టు ఆగింది.

శుక్రవారం ఆ పెద్ద అద్దం ఎక్కిచ్చిన్రు. ఎనిమిది మంది పట్టిన్రు. షాపాయన చుట్టూ తిరిగి తాళ్లు సూసుకున్నడు. వెనక కిటికీలకెళ్లి అద్దాన్ని సూసుకుంట పోవాల్నని మా ఆయన నన్ను కూడ ఎక్కిచ్చుకున్నడు. రింగు రోడ్డు మీద ఆకాశమంత ఆ అద్దంల నడుస్తున్నది. బొంగులూరు కాడ దిగుడు వాలు పట్టినం. వాలు అడుగున ఎవరిదో మేకల మంద రోడ్డు మీదికి ఒక్కపారి వచ్చింది. ఎన్ని ఇండ్లు లేసినా మేకలకు వాటి పాత తొవ్వనే తొవ్వ గదా.

మా ఆయన బ్రేకు తొక్కిండు. నేను మేకల దిక్కు సూడలే, ఆయన చేతుల దిక్కు సూసిన. స్టీరింగు మీద ఆ చేతులు కదలలే. బండి ముందటికి వంగి, మెల్లగ నిలబడ్డది. వెనకకు తిరిగి సూసిన. అద్దం ఒక్క మాట మాట్లాడలే. మేకలు తీరిగ్గ దాటినయి. కాపరి మాకు సారీ కూడ చెప్పలే, మేము కూడ తిట్టలే. ఆయన గట్టిగ ఊపిరి ఇడిసి, గేరు ఏసిండు. పెద్ద ఇంటి కాడ అద్దం దించి నిలబెట్టినంక షాపాయన ఫోన్ చేసి, సోమవారం నుంచి రోజూ రండి బాబూ అన్నడట. ఇంటికొచ్చే తొవ్వల మా ఆయన ఈల ఏసిండు. రాగం పాతదే, సగం తప్పుతది ఎప్పుడైనా.

బండి వాకిట్ల ఆగెటాళ్లకు మా అత్త గడప మీద కూసొని ఉన్నది. పక్కకు బక్కెట్, దాంట్ల చెంబు. మా ఆయన నా దిక్కు సూసిండు. ఆమె లేవలే. అద్దం చేరిందా అని అడిగింది. చేరింది అన్నడు. వణికిందా అన్నది. లేదమ్మా అన్నడు. అయితే నువ్వు పోయి కాళ్లు కడుక్కో అన్నది.

ఆమె మాత్రం కూసున్న కాడి నుంచి కదలలే. నేను వంట పని చేసుకుంట నడుమ నడుమ తొంగి సూసిన. కొంత సేపటికి లేచి, చక్రం కాడికి పోయి, తాకకుండ అరచెయ్యి దగ్గర పెట్టి సూసింది, పిల్లగాని జ్వరం సూసినట్టు. ఇంకా ఉన్నది అనుకుంట వచ్చి మల్ల కూసున్నది. ఇంకోసారి లేచింది, మల్ల కూసున్నది. పొద్దు గూకింది, నేను దీపం పెట్టిన. మూడోసారి చెయ్యి పెట్టినంక లోపటికి కేకేసి నన్ను పిలిచింది. నువ్వు కూడ సూడు అన్నది. నేను చెయ్యి పెట్టిన. సల్లగుంది అత్తా అన్న. ఇంకో చక్రం కాడ కూడ సూడు అన్నది. అది కూడ సల్లగుంది. అప్పుడు బక్కెట్ల చెంబు ముంచి, కుడి చక్రం మీద పోసింది, ఎడమ చక్రం మీద పోసింది. ఆవిరి రాలే. నీళ్లు సప్పుడు లేకుండ జారి వాకిట్ల ఇంకిపోయినయి. ఇగ పోయి తిను నా బిడ్డా అన్నది, బండినో కొడుకునో నాకు తెల్వలే, నేను అడగలే.

ఇంతసేపు కాళ్లు ముడుసుకొని ఇన్నరు, మీ కడుపు సల్లగుండ. మీ ఇంటి నుంచి పొద్దుగాల పోయినోళ్లు ఏ వాలు దిగినా నిమ్మలంగ దిగాలె, ఆగాల్సిన కాడ ఆగాలె, మాపటికి నవ్వుకుంట వాకిట్లకు రావాలె. వాళ్ల కోసం ఎదురుసూసెటోళ్ల కుండల నీళ్లు, గుండెల ఓపిక ఎన్నడు తక్కువ కావద్దు.